నాగక్క చెప్పని బావి

హెడ్డాఫీసుకు పుట్టే కోరికలకు అంతుండదు. ఈసారి తిరుమణి సోలార్ ప్లాంటు మొత్తాన్ని ఒక్క బొమ్మలో చూపించమన్నారు. మనుషులకు పసుపు గడి, పనులకు నీలం, సమాచారానికి ఆకుపచ్చ, యంత్రాలకు బూడిద రంగు. ఏ గడికి ఏ గడితో సంబంధమో బాణాలు గీయాలి. ఆ గీసే పని ప్లాంటు ఆఫీసులో ఉన్న సవిత నెత్తిన పడింది. బొమ్మలో పసుపు గడి లేని ఉద్యోగం వచ్చే నెల నుంచి ఉండదని మేనేజరు మిథున్ ముందే చెప్పాడు.

సవిత వారం రోజులు గీసింది. తీగ లాగితే డొంకంతా కదిలినట్టు, ఒక్క బాణం జరిపితే పది గడులు జరపాల్సి వచ్చేది. చివరికి అన్నీ కుదిరాయి. గడ్డి కోత ఒక్కటి మిగిలింది. ఆడవాళ్లను వెంటబెట్టుకుని ఆ పని చేయించే మేస్త్రి నాగక్క.

"గడ్డి కోసే మిషన్ వస్తా ఉండాది గదా. ఆ పసుపు గడి తీసేయి," అన్నాడు మిథున్.

సవితకు ప్రాణం చివుక్కుమంది. నాగక్క తన ఊరి మనిషి, చిన్నప్పుడు తనను చంకనెత్తుకుని తిరిగిన మనిషి. అంతేకాదు, వాన పడిన మర్నాడు ఎక్కడో కరెంటు ఆగిపోయి ఇంజనీర్లు మీటర్లు పట్టుకుని తిరుగుతుంటే, "పాపన్న బావి కాడ చూడండప్పా, నేల దిగుంటాది," అని చెప్పేది ఆమే. పోయి చూస్తే అక్కడ స్తంభం ఒరిగి, కేబుల్ ఊడి ఉండేది. రైతులు భూములు ప్లాంటుకు గుత్తకిచ్చినప్పుడు బావులన్నీ పూడ్చేశారు. ఆఫీసులో ఉన్న ఏ మ్యాపులోనూ అవి లేవు.

"సార్, పూడ్చిన బావులకు ఒక ఆకుపచ్చ గడి పెడతాను. ఆ వివరాలు నాగక్క కాడనే ఉండాయి," అంది సవిత.

"పెట్టు. శుక్రవారానికి అన్నీ ఎక్కించు."

నాగక్కను గట్టెక్కించానని సవిత సంబరపడింది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయలుదేరారు. బావి ఉన్న ప్రతిచోటా నాగక్క ఒక రాయి పెట్టడం, సవిత ఫోన్లో గుర్తు వేసుకోవడం. రాయి పెట్టే ముందు మాత్రం నాగక్క కంపెనీ ఇచ్చిన బూట్ల తాళ్లు విప్పి, వట్టి కాళ్లతో అడుగుపెట్టేది.

"పూడ్చితే మాత్రం గంగమ్మ యాడికి పోతాది? చెప్పుకాళ్లతో తొక్కకూడదు," అనేది.

పదకొండు బావులకు పదకొండుసార్లు బూట్లు విప్పి తొడుక్కుంది. ఆ తర్వాత ఒకప్పుడు నాగక్క సాగు చేసుకున్న సొంత మూడెకరాల్లోకి వచ్చారు. రెండు ప్యానెల్ వరసల మధ్య నాగక్క వంగి బూట్లు విప్పింది. పదడుగులు నడిచి మళ్లీ తొడుక్కుంది. రాయి మాత్రం పెట్టలేదు.

"అత్తా, ఈడ ఎవురి బావి?"

"ఈడ బావి యాడిది? బూట్లో రాయి పడింటే తీసినా."

రెండు బూట్లలోనూ ఒకేసారి రాళ్లు పడతాయా అని సవిత అడగలేదు. నాగక్కే ప్యానెల్ నీడన కూలబడింది.

"అన్నీ నీ ఫోన్లోకెక్కినాక నాతో ఏం పనమ్మా వాళ్లకు? ఒకటన్నా నా కాడ ఉండనీ. ముగ్గురు బిడ్డల్ని ఆ నీళ్లతోనే సాకినాను."

సవిత సిగ్గుపడింది. మేలు చేయబోయి నాగక్క కాళ్ల కింద మట్టి తానే తవ్వుతోంది. ఆకుపచ్చ గడి నిండితే పసుపు గడితో ఎవరికీ పనుండదు.

"ఒకసారి రాసుకుంటే చాలదా అత్తా? బావి కదలదు గదా," అంది మెల్లగా.

"బావిని పూడ్చినారు గానీ నీళ్ల దోవను పూడ్చలేదమ్మా. పోయినేడు ఒకచోట దిగింటే, ఈ ఏడు నాలుగడుగులు అవతల దిగుతాది. గడ్డి పచ్చన చూసి చెప్పాల. మిషన్ గడ్డిని కోస్తాది గానీ, చూస్తాదా?"

శుక్రవారం మిథున్ ముందు పెట్టిన బొమ్మలో 'వాన తర్వాత నేల చూడటం' అని కొత్త నీలం గడి ఉంది. దానికి ఒక పక్క బావుల పట్టిక ఉన్న ఆకుపచ్చ గడి, ఇంకో పక్క 'నేల చూసే మేస్త్రి' అని పసుపు గడి.

"బావులు ఎక్కించినాక మళ్లీ మనిషెందుకు?" అన్నాడు మిథున్.

సవిత నాగక్క మాటలనే పొల్లుపోకుండా అప్పజెప్పింది. పోయిన వానాకాలం నాగక్క వచ్చి చోటు చూపేదాకా మూడు రోజులు ప్లాంటు సగం ఆగిపోయిన సంగతి మిథున్ మరిచిపోలేదు. బావుల పట్టికను కిందిదాకా చదివాడు.

"ఈ పన్నెండో వరుస ఖాళీగా ఉండాదేంది?"

"చెప్పాల్సినవాళ్లు చెప్పినప్పుడు నిండుతాది సార్. చెప్పకపోయినా ఆ మేస్త్రి గడి ఉండాల్సిందే."

మిథున్ బొమ్మను అలాగే పంపాడు. పది రోజులకు హెడ్డాఫీసు ఒప్పుకుంది. సవిత ఆ కాగితం పట్టుకుని నాగక్కను వెతుక్కుంటూ పోయింది.

"దీంట్లో నేను యాడున్నాను?" అంది నాగక్క.

సవిత పసుపు గడి చూపించింది. చదువు రాని నాగక్క అక్కడ వేలు పెట్టి, బాణం వెంబడి నీలం గడికి, అక్కణ్ణుంచి బావుల గడికి జరిపింది. మళ్లీ వెనక్కి వచ్చి పసుపు మీద ఆగింది. కాగితం తిరిగిచ్చేసి, తన చేను వైపు నడిచింది. సవిత వెనకే పోయింది.

రెండు వరసల మధ్య నాగక్క బూట్లు విప్పి, గట్టు మీది రాయి తెచ్చి పెట్టింది.

"రాసుకో. నాగక్క బావి. ఐదు నిలువుల లోతు. ఎండాకాలం గూడా ఎండింది లేదు."

సవిత ఫోన్ తీయబోయి ఆగింది. ముందు వంగి తన బూట్లు విప్పుకుంది.