ఏడవడానికి ఒక నెల

గొర్రెల బొచ్చు తీసే రోజులు కావు. అయినా మా అమ్మ ముంగిట్లో కూర్చుని కత్తెర నూరుతోంది. ఎదురుగా బార్లీ బుట్ట పక్కన ఒక పరాయి మనిషి. పేరు రెయూమా, ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయి. మా అన్న ఎల్దాదు దూరదేశపు యుద్ధంలో ఆమెను చెరపట్టి తెచ్చాడు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి, ఎంత జుట్టో అని మెచ్చుకుని వెళ్తున్నారు. నీ మనసులో ఏముందమ్మా అని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు, అప్పటికి చిన్నదాన్ని.

మా ధర్మశాస్త్రంలో ఒక కట్టడ ఉంది, ఎవరూ దాటకూడని నియమం. చెరపట్టిన స్త్రీని పెళ్ళాడాలని ఎవడికైనా మనసైతే, ముందు ఆమె తల గొరిగించాలి, గోళ్ళు తీయించాలి, చెరలో కట్టిన బట్టలు మార్పించాలి. అమ్మానాన్నల కోసం నెల రోజులు ఏడవనివ్వాలి. అంతవరకూ ఆమెను తాకకూడదు.

"ఆ జుట్టు చూసే కదమ్మా తెచ్చుకున్నాను," అన్నాడు అన్న.

"అందుకే ముందు అదే పోవాలి," అంది అమ్మ.

పని అయ్యాక అన్న మొహం వేలాడేశాడు. "పిల్లను తెస్తే గొర్రెను చేసి కూర్చోబెట్టావు."

"గొర్రె అయితే ఈపాటికి నీదైపోయేదిరా. మనిషి గనకే ఆగాలి. పో, నెల తిరిగేదాకా మిద్దె మీద పడుకో."

వదిన వస్తుందని సంబరపడుతున్న నాకు అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో. ఈ కట్టడలన్నీ మనుషుల సంతోషం చెడగొట్టడానికే పుట్టాయనుకున్నాను.

రెయూమా రోజూ తిరగలి పక్కన కూర్చుని ఏడ్చేది. అమ్మ ఊరుకోమనలేదు. పిండి విసురుతూ పక్కనే ఉండేది. ఆమె మాట మా మాటకు దగ్గరే, మెల్లగా అర్థమయ్యేది. ఒక పూట అమ్మ అడిగింది:

"మీ నాన్న ఏం చేసేవాడమ్మా?"

"కుండలు. ఊరి గుమ్మం దగ్గర చంపేశారు. చేతికి మట్టి అలాగే ఉంది."

రొట్టె పప్పులో ముంచబోతున్న అన్న చెయ్యి ఆగిపోయింది. ఆ గుమ్మం దగ్గర తనూ ఉన్నాడు. ఆ రోజు నుంచి ఇంట్లో సరిగా తినలేదు, ఆమె వైపు చూడలేదు.

నెల నిండే ముందు ఊళ్ళోకి ఒంటెల వర్తకుడొకడు వచ్చాడు.

"నాకు వద్దమ్మా ఈమె. ఆ ఏడుపు చెవుల్లోంచి పోవడం లేదు. వాడికి అమ్మేస్తాను," అన్నాడు అన్న.

"ఏడుపు విన్న చెవులతోనే ధర కూడా వింటావా?" అని అమ్మ అన్నను ఊరి గుమ్మం దగ్గర కూర్చునే పెద్ద, హెలేకు తాత దగ్గరికి లాక్కెళ్ళింది. నేనూ వెంట పరుగెత్తాను.

"వద్దనుకుంటే వదిలెయ్యి," అన్నాడు తాత. "ఆమె కోరిన చోటికి పోనియ్యి. అమ్మడానికి మాత్రం వీల్లేదు."

"ఇదెక్కడి న్యాయం తాతా? తిండి పెట్టాను, ఇన్ని రోజులు ఆగాను. నా చేతిలో ఏం మిగిలింది?"

"ఏమీ మిగలకూడదనేరా కట్టడ. గెలిచి వచ్చినవాడికి ఎవడు అడ్డం చెబుతాడు? ఆమె అన్నదమ్ములా? వాళ్ళను మీరే చంపారు. ఎవరూ లేని చోట ఈ మాట అడ్డం నిలబడుతుంది. ఐగుప్తులో మనం బానిసలుగా ఉన్నప్పుడు మన ఆడవాళ్ళు ఏడిస్తే నెల కాదు, ఒక్క పూట ఇచ్చినవాడు లేడు. అది మరిచిపోకూడదనే దేవుడు ఇలా చెప్పాడు."

నది అవతల పిన్ని ఉందంది రెయూమా. దారి దొంగలదని అన్ననే తోడు పంపారు. అమ్మ ఎండు అత్తిపండ్లు దంచి చేసిన అచ్చు మూటకట్టి ఇచ్చి, అప్పుడప్పుడే మొలుస్తున్న జుట్టు మీద తన ముసుగు కప్పింది. ఆమె మాకు దండం పెట్టలేదు. ఎందుకు పెడుతుంది? యుద్ధం చేసిన పాపాన్ని కట్టడ కడిగేసిందని నేనూ అనను. నాలుగో రోజు అన్న తిరిగొచ్చి ఖాళీ నీళ్ళతిత్తి కొక్కేనికి తగిలించాడు. మళ్ళీ యుద్ధం నుంచి ఎవరినీ తేలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ముప్పై ఏళ్ళ కిందట బార్లీ కోతల్లో దోపిడీగాళ్ళు పడి నా కూతురు యెదీదాను ఎత్తుకుపోయారు. ఆ దేశంలో ఇలాంటి కట్టడ ఉందో లేదో నాకు తెలియదు. నెలవంక కనబడినప్పుడల్లా అడుగుతాను, నా బిడ్డ పక్కన ఎవరైనా కూర్చున్నారా, దాన్ని ఏడవనిచ్చారా అని.

కట్టడ కఠినంగా ఉందని విసుక్కునే ముందు, దాన్ని తీసేస్తే ఎవరింటి ఆడపిల్ల ముందుగా ఏడుస్తుందో ఒక్కసారి చూడండి నాయనా.