మజ్జిగ దాకా ఆగని అతిథి

నాంచారమ్మ కుడి కంట్లో అరవై ఆరేళ్లుగా భోజనానికి కూర్చుని ఉన్న పెద్దమనిషి ఈ మధ్యాహ్నం విస్తరి ముందు నుంచి లేస్తున్నాడు.

ఆ సమయానికి ఆమె బందరులోని తన మెస్సులో రెండో పంక్తికి పప్పుచారు పోస్తోంది. గరిటె గాల్లో ఆగిపోతుంది. పీట జరిగిన చప్పుడు చెవిలో కాదు, కనుగుడ్డు వెనకాల వినిపిస్తుంది. ఆ తర్వాత ఒక నిట్టూర్పు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచే ముసలివాళ్లు విడిచే నిట్టూర్పు అది.

"మధ్యలో లేస్తున్నారేంటండీ?" అంటుంది నాంచారమ్మ.

ఎదురుగా అన్నంలో గుంట చేసుకుని పప్పుచారు కోసం చూస్తున్న కోర్టు గుమాస్తా తలెత్తుతాడు. "నేనెక్కడ లేచానమ్మా? ఇప్పుడేగా కూర్చుంది!"

"మిమ్మల్ని కాదు బాబూ. లోపలాయన్ని."

గుమాస్తా వంటింటి వైపు చూసి, సరేనన్నట్టు మళ్లీ తల వంచుకుంటాడు.

ఈ మెస్సులో ఒకటే కట్టుబాటు. మజ్జిగన్నం తినకుండా ఎవరూ లేవకూడదు. ముందు తిన్నవాళ్లు కూడా పంక్తిలో చివరివాళ్లు ముగించేదాకా ఎండిన చేత్తో కూర్చోవలసిందే. బస్సు తప్పిపోతుందని మొత్తుకున్నవాళ్లకి నాంచారమ్మ ఇంకో గరిటెడు పెరుగు వేస్తుంది. చాలా ఏళ్ల కిందట ఒకరోజు ఆమె మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లి వచ్చేసరికి, భర్త శోభనాద్రి చెయ్యి కడిగేసుకుని రేవు దాటడానికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి పడవ మునిగిందని కబురు వచ్చింది. ఆ మజ్జిగ గిన్నెలోనే పులిసిపోయింది. కట్టుబాటు అప్పటిది.

పెద్దమనిషి లేచిన చోట గ్లాసు అడుగు ముద్ర మిగులుతుంది. గుండ్రటి బూడిదరంగు ముద్ర. దాని పక్కన సాలెగూటి పోగులు రెండు. ఆమె చూపు ఎటు తిప్పితే అవి అటు తేలుతూ వస్తాయి. చూపు ఆపితే మెల్లగా కిందికి జారతాయి. కొంగుతో తుడుచుకుంటుంది, పోవు. గుమాస్తా విస్తరి వైపు చూస్తుంది, అన్నం మీద పడతాయి.

"అమ్మా, ఇందులో ఏదో ఉంది," అంటాడు గుమాస్తా. ఆ ముద్రను కరివేపాకులా రెండు వేళ్లతో ఏరి విస్తరి అంచున పెడతాడు. అది లేచి, తేలుకుంటూ వచ్చి ఆమె చూపు ముందు నిలబడుతుంది.

వంటింటి గుమ్మంలోంచి ఆమె తోడికోడలు మంగతాయారు తొంగి చూస్తుంది. వంట పెత్తనం ఆమెది, నోటి పెత్తనం కూడా.

"ఏంటక్కా, ఇవాళ కంట్లో నలుసులు కూడా వడ్డిస్తున్నావా? కూర చాల్లేదా?"

"ఆయన లేచాడే మంగా. మజ్జిగ కూడా పొయ్యలేదు."

"అయితే వెళ్లి పొయ్యి. ఇక్కడ నేను చూస్తాలే."

నాంచారమ్మ మజ్జిగ కుండ చంకన పెట్టుకుని స్టోరు గది తలుపు తీస్తుంది. బియ్యం బస్తాలు ఉండవలసిన చోట నడవ ఉంది. నడిచేకొద్దీ అది పొడుగవుతుంది. బియ్యం ఎటు పోయాయో తర్వాత చూసుకోవచ్చని ఆమె అనుకుంటుంది. ఎటు నుంచి వచ్చిందో వెనక్కి తిరిగి చూస్తే, తలుపు ఉండవలసిన చోట తన కనుబొమ కనిపిస్తుంది.

నడవ కొసన గది గుండ్రంగా ఉంది. పెద్దమనిషిని ఆమె ఎదురుగా చూడటం ఇదే మొదలు. ఇన్నేళ్లూ తన వీపు తనకు ఎలా తెలుసో ఆయనా అలాగే తెలుసు. లేత తాటిముంజె లాంటి ఒళ్లు, అవతలి గోడ కనిపించేంత తేట. ఆమె పుట్టినప్పుడు ఆ గది నిండా ఆయనే, గాలికి కూడా సందు లేకుండా. ఇప్పుడు ఆయన ఒళ్లు నీరుకారి, చిక్కి, భుజం మీది ఉత్తరీయం కూడా నిలవనంత కుంచించుకుపోయాడు. వీపుకీ గోడకీ మధ్య చెయ్యి పట్టే ఖాళీ ఉంది.

గోడ ఉల్లిపొర కన్నా పల్చన. ఆమె చూసినవన్నీ దాని మీద తడితడిగా అంటుకుని ఉన్నాయి. విస్తళ్లు, బస్సుల వెనక అద్దాలు, వాటిలోంచి ఊపిన చేతులు. పక్కగా శోభనాద్రి, రేవు వైపు నడుస్తూ. చెప్పులు లేని మడమలు, చొక్కా వెనక చెమట. ఆ వీపును ఆమె చూడలేదు, ఆ వేళ మజ్జిగ కోసం లోపల ఉంది. గోడకు ఎలా దొరికిందో అర్థం కాదు. కానీ ఉంది.

"కూర్చోండి," అంటుంది పెద్దమనిషితో.

"చాలమ్మా. కడుపు నిండింది."

"మజ్జిగ పడకుండా నిండటమేంటి?"

"లేవడానికి ఆకలితో పనిలేదు నాంచారూ, వయసుతోనే పని. నీ ఈడువాళ్లలో చాలామంది కళ్లల్లో మావాళ్లు ఇప్పటికే లేచారు. అయినా నేను బయటికేం పోను. గోడ వదిలి గది మధ్యకు జరుగుతా, అంతే."

"అంటే వెళ్లడమేగా?"

"ఒకరకంగా వెళ్లడమే."

"మరైతే ఒకరకంగా ఉండండి."

ఆ మాటలో న్యాయం ఉందని పెద్దమనిషి ఒప్పుకుంటాడు. ఒప్పుకుంటూనే ఇంకో అడుగు జరుగుతాడు. నాంచారమ్మ చటుక్కున ఆయన ఉత్తరీయం కొస పట్టుకుని లాగుతుంది.

గది అంచున మెరుపు మెరుస్తుంది.

బయట మెస్సులో పంక్తి మొత్తం ఎడమ చేత్తో గొడుగులు తెరుస్తుంది. "అక్కా!" అని మంగతాయారు కేక నడవ పొడుగునా వస్తుంది. "మెరుస్తోంది, మేడ మీద వడియాలున్నాయ్!" బయట ఎండ మండిపోతూనే ఉంది.

"లాగకమ్మా," అంటాడు పెద్దమనిషి. "అంతటా వదిలాను గానీ, పైన కణత వైపు వీపు ఇంకా అంటుకునే ఉంది. దానంతటది ఊడితే గోడకి గీత కూడా పడదు. లాగితే చిరుగుద్ది."

"అంటుకుని ఉందంటే మీకూ వెళ్లాలని లేదన్నమాట."

ఆమె మళ్లీ లాగుతుంది. మళ్లీ మెరుపు. మూడోసారి రెండు చేతులతో లాగుతుంది.

చప్పుడేమీ రాదు. నొప్పి కూడా లేదు, అదే ఆమెకు ఎక్కువ భయంగా ఉంది. గోడ పైభాగంలో గుర్రపు నాడా ఆకారంలో ఒక చిరుగు తెరుచుకుంటుంది. దాంట్లోంచి ఆవాలు రాలతాయి. గుప్పెళ్లతో చల్లినట్టు నల్లటి ఆవాలు, గాల్లోనే తిరుగుతూ, ఎంతకీ నేల తాకకుండా. తర్వాత గదిలోని నీరు ఆ చిరుగు వెనక్కి దిగడం మొదలవుతుంది. నానిన కాగితంలా గోడ ఉబ్బి, అడుగు పొర నుంచి వదులవుతుంది.

నాంచారమ్మ కుండ అక్కడే వదిలేసి నడవలో వెనక్కి పరుగెడుతుంది. ఉత్తరీయం కొస మాత్రం పిడికిట్లోనే ఉంది.

"ఆవాల డబ్బా తన్నిందెవరే?" అంటోంది మంగతాయారు, అందరి అన్నం వైపూ చూస్తూ.

నాంచారమ్మ ఎడమ కన్ను చేత్తో మూసుకుని ఆమెను చూస్తుంది. మంగతాయారుకు పాదాలు లేవు. ముక్కు వైపు నుంచి, కింద నుంచి, నల్లటి తెర లేస్తోంది. పైన చిరిగితే చీకటి కింద నుంచి ఎందుకొస్తుందో ఆమెకు అంతుపట్టదు. చూస్తూ ఉండగానే మోకాళ్లు కూడా పోతాయి.

"మంగా, నువ్వు తగ్గిపోతున్నావే."

మంగతాయారు నవ్వబోయి ఆగుతుంది. "ఎక్కడి దాకా కనిపిస్తున్నా?"

"మోకాళ్ల పై నుంచీ."

"కింద నేను లేకపోతే గిన్నెలన్నా తన్నను. పద, ఆటో పిలుస్తా."

"కాసేపు పడుకుంటే సర్దుకుంటుందేమో. పంక్తి మధ్యలో ఉంది, వీళ్లకి మజ్జిగ..."

"వాళ్ల మజ్జిగ వాళ్లు పోసుకుంటారు. నీ కన్ను ఎవరు పోస్తారు? నడువు!"

ఆటోలో నాంచారమ్మ పిడికిలి విప్పదు. "లోపలెవరో ఉన్నట్టున్నారు, గట్టిగా పట్టుకోమనండి, రోడ్డు బాలేదు," అంటాడు డ్రైవరు అద్దంలో చూసి.

"గట్టిగా పట్టుకోబట్టే ఈ రోడ్డెక్కాం నాయనా," అంటుంది మంగతాయారు.

కళ్ల డాక్టరు హైమవతి ఏమీ అడగకముందే కంట్లో చుక్కలు వేస్తుంది. చుక్క పడినప్పుడల్లా కంటిపాప వెడల్పవుతుంది. మొదట కిటికీ అంత, తర్వాత గుమ్మమంత. డాక్టరు నుదుటికి దీపం కట్టుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి నడుస్తుంది. ఆమె గొంతు నాంచారమ్మ తలలోంచే వినిపిస్తుంది.

"ఆయన లేవడం జబ్బేం కాదండీ. తల నెరిసినట్టే. చాలామందికి ఆ గ్లాసు ముద్ర, నాలుగు పోగులు తప్ప ఇంకేం మిగలదు. కొన్నాళ్లకి వాటినీ మర్చిపోతారు. కానీ మెరిసినా, ఒక్కసారిగా ఆవాలు రాలినా ఆ రోజే వచ్చి గోడ చూపించుకోవాలి. తెర లేచిందంటే చేతిలో పని చేతిలో వదిలి రావాలి."

"వచ్చాంగా," అంటుంది మంగతాయారు. "తెర ఎంతవరకూ వచ్చింది డాక్టరుగారూ?"

"గోడ నడిమధ్య దాకా ఇంకా రాలేదు. పడుకుని రేపు వచ్చుంటే నడిమధ్య కూడా ఊడేది. పెద్ద ఆపరేషన్ చేసి మళ్లీ అంటించినా బొమ్మలు మునుపట్లా ఉండవు. ఇప్పుడైతే చిరుగు చుట్టూ వెలుగుతో కుట్టేస్తా, నీరు పాకదు." దీపం వెలుగు పెద్దమనిషి ఉత్తరీయం మీదికి తిరుగుతుంది. "కానీ నాంచారమ్మగారూ, మీరు ఈయన్ని పట్టుకునే ఉన్నారు. గోడ వణుకుతోంది. వణికే గోడకి కుట్టు పడదు."

"వదిలితే వెళ్లిపోతారు."

"పట్టుకున్నా వెళ్లిపోతారండీ. గోడతో సహా."

నాంచారమ్మ లోపలికి చూసుకుంటుంది. ఉబ్బిన గోడ కింద నుంచి నీరు పాకుతూ శోభనాద్రి మడమల దాకా వచ్చేసింది. ఇంకో వేలెడు పాకితే ఆ నడక మునిగిపోతుంది. ఆ వీపు ఇంకెక్కడా లేదు. పిడికిట్లో ఉన్నది ఎవరి ఉత్తరీయమో ఒక్క క్షణం ఆమెకు తెలియకుండా పోతుంది. పెద్దమనిషి ముఖం చూస్తుంది. తేటగా, అవతల ఉన్నవన్నీ కనిపించేలా ఉంది ఆ ముఖం. కోపమేమీ లేదు. ఎంగిలి చెయ్యి గాల్లో పెట్టుకుని, చాలాసేపటి నుంచీ అలాగే నిలబడి ఉన్నాడు.

అప్పుడు ఆమెకు సిగ్గేస్తుంది. భోజనం పెట్టిన ఇల్లాలు అతిథి చేతిమీద నీళ్లు పొయ్యలేదు.

ఆమె ఉత్తరీయం కొస వదిలి, ఆయన విస్తరి పక్కనున్న నీళ్ల చెంబు అందుకుంటుంది. "చెయ్యి కడుక్కోండి," అంటుంది.

ఆ మాట తన నోట వినడం ఆమెకే కొత్తగా ఉంది. పెద్దమనిషి వంగి, రెండు చేతులూ పట్టి, నింపాదిగా కడుక్కుంటాడు. ఆ వంగడంలో కణత వైపు అంటుకుని ఉన్న చోటు దానంతటదే ఊడి వస్తుంది, రవ్వంత గోడ ముక్క ఆయన వీపు మీద మచ్చలా ఉండిపోతుంది. ఆయన గది మధ్యకు జరిగి, నీళ్లలో ఆకులా అటూ ఇటూ ఊగుతూ నిలబడతాడు. గోడ వణుకు ఆగుతుంది.

డాక్టరు కుడుతుంది. కుట్టు కుట్టుకీ పచ్చటి వెలుగు తలలో టక్కుమని తగులుతుంది. మడమల దగ్గర నీరు ఆగిపోతుంది. శోభనాద్రి నడుస్తూనే ఉంటాడు, ఎప్పటిలా వెళ్లిపోతూ, స్పష్టంగా.

డాక్టరు బయటికి వచ్చి చెప్పులు తొడుక్కుంటుంది. "వారంలో మళ్లీ గోడ చూపించాలి. ఎడమ కంటాయన కూడా ఏడాదిలోపు లేవచ్చు, మెరిస్తే ఆగకండి."

"ఆయనకి మజ్జిగ ముందే పోసేస్తా," అంటుంది నాంచారమ్మ.

కంటిపాప సాయంత్రం దాకా మూసుకోదట. మంగతాయారు చెయ్యి పట్టుకుని ఆమె మెల్లగా ఆసుపత్రి మెట్లు దిగుతుంది. వెలుగు తెల్లగా, కెరటంలా మీద పడుతోంది. అది వెలుగు కాదని గేటు దగ్గరికి వచ్చాక తెలుస్తుంది. సముద్రం ఊళ్లోకి నడిచి వచ్చి, రోడ్డు పొడుగునా ఒద్దికగా నిలబడి ఉంది. ఎందుకొచ్చిందో, ఎవరు రమ్మన్నారో నాంచారమ్మకు తెలియదు. లోపల గోడకీ పెద్దమనిషికీ మధ్య చోటైతే ఉంది. ఆమె కాస్త తల వంచుతుంది. ముందు నురగ, దాని వెనక కెరటాలు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని కంటిపాపలోకి వస్తాయి. తర్వాత పడవలు, వాటి మీద ఒంటికాలితో నిద్రపోతున్న కొంగలు. దీపస్తంభం గుమ్మానికి తల తగలకుండా నడుము వంచుకుని లోపలికి అడుగు పెడుతుంది.

మంగతాయారు చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని పక్కకు జరుగుతుంది.

"రెప్ప వెయ్యకక్కా," అంటుంది. "ఇంకా సగం బయటే ఉంది."