పదిహేడు హెచ్చరికలు

ఆఫీసులో ఆయన్ని అందరూ జాగ్రత్తగారు అనేవారు. పదిమంది రాసే ప్రోగ్రామును ఒక్కచోట దాచి, ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ ఆయన చేతిలో ఉండేది. ఒకసారి ఎవరో పొరపాటున ఒక ఫైలు చెరిపేసినప్పటి నుంచి ఆయన దానికి హెచ్చరికలు నేర్పసాగాడు. ఫైలు తెరిస్తే నిజంగానా అని, మూస్తే ఖాయమేనా అని, పేరు మారిస్తే బాగా ఆలోచించారా అని అడిగేది. మొత్తం పదిహేడు. జనం చదవడం మానేసి 'అవును' నొక్కడం నేర్చుకున్నారు.

చదివేది ఒక్క టెస్టింగ్ అక్కే. ఒక్కో హెచ్చరిక దగ్గర ఆవిడ అరగంట ఆగిపోతుందని అందరూ నవ్వుకునేవారు. జాగ్రత్తగారు కూడా నవ్వేవాడు.

కొత్తగా చేరిన చెల్లెమ్మ మూడు వారాలు కూర్చుని ఒక భాగం రాసింది. శుక్రవారం మధ్యాహ్నం అది చూపిస్తేనే ఆమె ఉద్యోగం ఖాయమవుతుంది. ఆ పొద్దున జాగ్రత్తగారు తన దగ్గరున్న పాత ప్రతిలో ఒక రంగు మార్చి, అందరి పనీ ఉండే చోటికి పంపబోయాడు. సాఫ్ట్‌వేర్ మొరాయించింది. బలవంతంగా పంపమన్నాడు. తెర ఏదో అడిగింది. ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని, రెండో చేత్తో 'అవును' నొక్కాడు.

కాసేపటికి చెల్లెమ్మ వచ్చి నిలబడింది. "అన్నయ్యా, నా పనంతా పోయింది. నా కంప్యూటరేమో నిన్ననే మార్చారు, ఇందులో ప్రతి లేదు."

"ఏం నొక్కావమ్మా?" అన్నాడాయన అలవాటు కొద్దీ.

"నేను కాదన్నయ్యా. నా పని ఉన్నచోట ఇప్పుడు ఏదో పాత ప్రతి ఉంది, దాని పక్కన మీ పేరుంది."

ఆయన గబగబా వెనకటి ప్రతుల కోసం చూశాడు, ఒక్కటీ లేదు. అక్కరలేని పాత ప్రతుల్ని వెంటనే తుడిచేసే ఏర్పాటు కూడా ఆయన చేసిందే. అందరి దగ్గరా వెతికారు. అందరూ అప్పటికే 'అవును' నొక్కి, తమ దగ్గరున్నదాని మీదికి ఆయన పంపినదే తెచ్చేసుకున్నారు.

చివరికి అక్క దగ్గరికి వెళ్లారు. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుంటూ తెర ముందే ఉంది.

"ఇదేదో పొద్దున్నుంచి అడుగుతోంది తమ్ముడూ. మొన్న తెచ్చుకున్నది పోతుందో ఉంటుందో ఇందులో చెప్పలేదు. ఏమీ నొక్కకుండా కూర్చున్నా."

చెల్లెమ్మ పని అక్కడ చెక్కుచెదరకుండా ఉంది.

మధ్యాహ్నం గండం గడిచాక మేనేజరు, పద్దెనిమిదో హెచ్చరిక పెట్టమన్నాడు. జాగ్రత్తగారు తల ఊపి, తన కుర్చీలో కూర్చుని, ఉన్నవాటిలో పదహారు తీసేయబోయాడు.

నిజంగానా అని అడిగింది తెర. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, తను రాసిన ఆ ముక్కను మొదటిసారి చివరిదాకా చదివాడు. ఏం పోతుందో, ఎవరిది పోతుందో అందులో ఎక్కడా లేదు.