నల్లగుడ్డు అంచున

డ్రైవింగ్ స్కూల్లో అందరూ ఆమెను బ్రేకక్క అనేవాళ్ళు. నేర్చుకునేవాళ్ళ పక్కన కూర్చుని, తన వైపున్న రెండో బ్రేకు మీంచి పాదం తీయకుండా ఊరంతా తిప్పేది. ముందద్దంలోంచి ఏళ్ళ తరబడి ఎండ ముఖాన కొట్టినా లెక్కచేసేది కాదు.

కుడికంట్లో, నల్లగుడ్డు అంచున, తెల్లటి పొక్కులాంటిది లేచింది. చుట్టూ ఎర్రటి నరాలు. దుమ్ముకి కండ పెరిగిందనుకుని, మందుల షాపు చుక్కలతో నెలలు నెట్టుకొచ్చింది. చివరికి, ఆమెతోనే ఉండే చెల్లెలు పోరుపెట్టి కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది.

డాక్టరమ్మ ఆమె కంట్లో నీలం రంగు చుక్క వేసి, గడ్డం యంత్రానికి ఆనించమని చెప్పి, చాలాసేపు చూసింది. మామూలు కండయితే ఇంతగా రంగు పట్టదని చెప్పి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఆ జరుపుకోవడం చూడగానే చెల్లెలి ముఖం పాలిపోయింది.

"ఇది కంటి పైపొరకి వచ్చే క్యాన్సర్‌లా ఉందమ్మా. చాలా అరుదు. తీసి పరీక్షకి పంపితేగానీ ఖాయంగా చెప్పలేను."

"కంటికి కూడా వస్తుందాండీ?"

బ్రేకక్కకు తన గొంతే ఎవరిదోలా వినిపించింది. నొప్పి లేదు, చూపు తగ్గలేదు. పొద్దున్నే ఒకాయనకి రివర్స్ నేర్పి వచ్చింది. ఆమె కాలు దానంతటదే నేలను గట్టిగా తొక్కింది.

కంటికి మత్తిచ్చి, చుట్టూ కాస్త మంచి పొరతో సహా పొక్కును కోసి తీశారు. జబ్బు కణాలేవైనా మిగిలితే చావాలని అంచులకు గడ్డకట్టే చలి పట్టించారు. పరీక్షలో క్యాన్సరేనని తేలింది. లోపలికి దిగలేదు గానీ ఒక పక్కన కణాలు మిగిలాయట. వాటిని చంపడానికి చుక్కల మందు రాసిచ్చారు.

మందు సీసా ఫ్రిజ్‌లో ఉండేది. చెల్లెలు చేతులకు తొడుగులు వేసుకుని, అక్క రెప్పలు విడదీసి వేసేది. కారం కొట్టినట్టు మండేది.

"ఏడుస్తున్నావో, మందే కారుతోందో తెలిసి చావట్లేదక్కా."

"మందేలే," అనేది బ్రేకక్క. నిజంగానే ఒక్కనాడూ ఏడవలేదు. ఎవరికో జరుగుతున్నదాన్ని పక్కన నిలబడి చూస్తున్నట్టుండేది.

మందు పూర్తయ్యాక డాక్టరమ్మ మళ్ళీ రంగు వేసి చూసింది. ఎక్కడా పట్టలేదు. కొన్నేళ్ళపాటు వచ్చి చూపించుకుంటూ ఉండాలంది.

"ఇంకొన్నాళ్ళు ఆగుంటే ఏమయ్యేదండీ?"

డాక్టరమ్మ దాచలేదు. "కన్నే తీసేయాల్సి వచ్చేదేమో. కొందరికి ప్రాణం మీదికి కూడా వస్తుంది."

బయటికొచ్చి కార్లో కూర్చున్నాక, బ్రేకక్కకు తాళంచెవి దూర్చడం చేతకాలేదు. ఇన్ని నెలలూ ఎక్కడ దాక్కుందో, ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. తాళంచెవి చెల్లెలి చేతిలో పెట్టింది.

"నాకు నడపడం రాదు కదక్కా," అంది చెల్లెలు, తనూ ఏడుస్తూ.

కారును అక్కడే వదిలేసి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బస్టాపు వైపు నడిచారు.