బీరయ్యకు కప్పిన శాలువ

అమరనాథ్ చేసిన మోసాన్ని బీరయ్య చచ్చేదాకా మరిచిపోడు. ఆ మోసం చాటుమాటుగా జరిగింది కాదు. నిండు సభలో, మైకు ముందు, చప్పట్ల మధ్య జరిగింది.

అమరనాథ్ తండ్రి విశ్వేశ్వర్ పాతబస్తీలో పేపరు నడిపిన మనిషి. ఆయన నాలుగు ముక్కలు రాస్తే ఎండిపోయిన నల్లాల్లో నీళ్లొచ్చేవి. పురానాపూల్ దగ్గరి బర్ల కొట్టాలను కూలగొట్టడానికి వచ్చిన అధికారులను వెనక్కి పంపింది కూడా ఆయన రాతే. అందుకే డెబ్బై ఒకటిలో అచ్చు మిషను పెట్టుకోవడానికి చోటు అడిగితే బీరయ్య తన కొట్టం ఖాళీ చేసి ఇచ్చాడు. కాగితం గీగితం రాసుకోలేదు.

"కొత్త బిల్డింగు లేవంగనే నీ జాగ నీకిస్త బీరయ్యా. నా మాటంటే అచ్చయినట్టే" అన్నాడు పెద్దాయన.

బర్లు బావమరిది వాకిట్లోకి పోయాయి. అక్కడ పాలు తగ్గాయి, పడాల్సిన మాటలు పెరిగాయి.

పదేళ్లకు కొత్త బిల్డింగు లేచింది. మిషను అక్కడికి పోయింది. ఆ నెలలోనే పెద్దాయన పోయాడు. కొట్టం తాళంచెవి కొడుకు దగ్గర ఉండిపోయింది. బీరయ్య ఏడాదంతా అతని చుట్టూ తిరిగాడు.

"బాపు సంవత్సరీకం సభకు రా కాకా. అందరి ముందట్నే నీ సంగతి తేలుస్త" అన్నాడు చివరికి అమరనాథ్.

బీరయ్య ఇస్త్రీ అంగీ తొడుక్కొని, భార్య కాశమ్మను వెంటబెట్టుకొని వెళ్లాడు.

వేదిక మీదికి పిలిచి అమరనాథ్ శాలువ కప్పాడు. "బీరయ్య గారు తమ స్థలాన్ని నాన్నగారి పేర లైబ్రరీకి దానమిచ్చారు!"

చప్పట్లు. మైకు బీరయ్య మూతి ముందుకొచ్చింది. అడగాల్సిన మాట గొంతుదాకా వచ్చింది. పక్కనే పూలదండలో పెద్దాయన ఫోటో. ఆ మనిషి దినం నాడు, ఆయన ముందే లొల్లి పెట్టుకోవడానికి నోరు రాలేదు.

"పెద్దసారు... మంచోడు" అన్నాడంతే. చప్పట్లు రెట్టింపయ్యాయి.

మెట్లు దిగుతుంటే సోడాబండి గుండయ్య కన్ను గీటాడు. "క్యా భాయ్, దాతవైతివి! ఇగ మాతోని మాట్లాడుతవా?"

కాశమ్మ శాలువ అంచు పట్టి చూసింది. "ఇది బర్లకు కప్పుదమా? నోరు యాడ పెట్టుకున్నవయ్యా?"

"సారు ఫోటో సూడలేదానే..."

"ఫోటో పాలిస్తదా?"

మర్నాటి పేపర్లో శాలువతో సహా బీరయ్య బొమ్మ పడింది. కింద, బీరయ్య రెండో తరగతి చదువుకు కూడా అందేంత పెద్ద అక్షరాల్లో 'దాత' అని వేశారు. బీరయ్య ఆ పేపరు పట్టుకొని వకీలు దగ్గరికి పోతే, ఆయన చూసి తిరిగిచ్చేశాడు. "మైకుల నువ్వు కాదనకపోతివి, సారు మంచోడంటివి. ఇగ నేనేం జెయ్యాలె?"

పురానాపూల్ వంతెన పక్కన, బీరయ్య తండ్రి బర్లు కట్టిన ఆ నూట అరవై గజాల జాగ ఒక్క శాలువకు పోయింది.