నీళ్ళాయన తొట్టి

నీళ్ళాయన తొట్టి మీదికి వంగి ఉన్నాడు. తొట్టిలో ముంచిన ఎవరిదో లారీ రేడియేటరులోకి సన్నటి గొట్టంతో గాలి పోతోంది. పైమూల నుంచి ఆవగింజలంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. ఆ చోట మేకుతో చిన్న గీత గీశాడు. గీశాక కూడా లేవలేదు. ఒక చిల్లు కనబడగానే సంబరపడి లేచేవాడు సగం మేస్త్రి అని ఆయన నమ్మకం. ఆ చిల్లుకి చెల్లెలు ఎక్కడో నక్కి ఉంటుంది. అది కూడా బయటపడేదాకా రెప్ప వాల్చకుండా చూడాలి.

నీళ్ళాయన అంటే నీళ్ళు అమ్మేవాడు కాదు. చిన్నతనంలో టాక్సీలు ఆగేచోట బకెట్టు పట్టుకుని బళ్ళకు నీళ్ళు పోసేవాడు. పేరు అక్కడ అంటుకుంది. తర్వాత నీళ్ళు కారే బళ్ళను బాగుచేయడం నేర్చుకున్నాడు, పెళ్ళయింది, సందు చివర రేకుల షెడ్డు వేసుకున్నాడు, జుట్టు నెరిసింది. పేరు మాత్రం మారలేదు. ఎవరి బండి నీళ్ళు తాగేస్తున్నా ఆ సందులో అందరూ ఆయన వైపే వేలు చూపిస్తారు. ఎప్పుడూ నానుతూ ఉండడం వల్ల వేళ్ళ కొసలు ముడతలు పడి ఉంటాయి. గోళ్ళ చుట్టూ కూలెంటు ఆకుపచ్చ. "పాచిపట్టిన మెట్లలా ఉన్నాయి మీ చేతులు" అంటుంది భార్య, అన్నం పెడుతూ.

ఆ తొట్టి ఇనప పీపాను నిలువునా కోసి చేసింది. ఇచ్చింది భార్య అన్నయ్య. షెడ్డు తెరిచిన రోజున దాన్ని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చి, "మా చెల్లెలితో పోట్లాట వచ్చినప్పుడు ఇందులో తల ముంచుకో బావా, చల్లబడుతుంది" అన్నాడు. అమ్మానాన్నా లేని చెల్లెల్ని పెంచి పెద్దచేసిన మనిషి. పిల్లల్ని బడికి చేరవేసే వ్యాను నడుపుతాడు. నవ్వు తప్ప ఏమీ దాచుకోలేదు జీవితంలో.

ఆ వ్యానే ఈ పొద్దున తాడుకు కట్టుకుని సందులోకి వచ్చింది. ముందు ఓ ట్రాక్టరు లాగుతోంది, వెనక వ్యానులో స్టీరింగు పట్టుకుని డ్రైవరు బావ కూర్చున్నాడు. ముఖం చూడగానే నీళ్ళాయన తొట్టి దగ్గర నుంచి లేచి వచ్చాడు.

"ఎత్తు ఎక్కుతుంటే ఆవిరి కక్కేసింది బావా" అన్నాడు డ్రైవరు, దిగి తాడు విప్పుతూ. "పిల్లల్ని రోడ్డు పక్కన దింపేశాను. ఓ బుడ్డోడు అడిగాడు, అంకుల్, బండికి జ్వరమా అని. అవున్రా, మీ లెక్కల పరీక్ష ఉందని తెలిసిందేమో అన్నాను."

నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగింది. "ఓనరుకి ఎవరో ఫోను చేశారు. నీళ్ళు చూసుకోకుండా నడిపానంటున్నాడు. మధ్యాహ్నానికి వస్తాడట."

"చూడనీ" అన్నాడు నీళ్ళాయన.

ముందు రేడియేటరు పక్కనున్న నీళ్ళ సీసా చూశాడు. గీత దాకా నిండి ఉంది. అంటే మనిషి నీళ్ళు పోశాడు, ఇంజనుకు అందలేదు. రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి పైనుంచి కిందకి జరిపాడు. పైన ఇంకా సెగ. నడుమకు వచ్చేసరికి చల్లగా ఉంది. వేడినీళ్ళు కిందికి దిగే దారే లేదన్నమాట. తడిగుడ్డ వేసి మూతను మెల్లగా తిప్పాడు. మూత అడుగున గోధుమరంగు గంజిలాంటిది పేరుకుని ఉంది. అందులో రాగిపొడి తళుక్కుమంది.

చటుక్కున మూతను గుడ్డలో చుట్టేశాడు.

ఆ పొడి తనదే. మొన్న నెలాఖరున ఇదే వ్యాను, ఇదే రేడియేటరు, కింది అతుకు దగ్గర బొట్టు బొట్టుగా కారుతోందని వచ్చింది. విప్పి, తొట్టిలో ముంచి, చిల్లు పట్టుకుని, టంకం పెట్టాలి. అప్పటికే సాయంత్రమైంది. నడుం లాగేస్తోంది. అరలో చిల్లులు మూసే రాగిపొడి పొట్లాలు ఉన్నాయి. వాటిని వాడేవాళ్ళను ఆయన జీవితమంతా తిట్టాడు, పుండు మీద బురద పూసే వైద్యం అని. ఆ రోజు ఒక పొట్లం చింపి పోశాడు. పిల్లల బండి కదా, కారితే ఎలా అని భయమేసి ఇంకో పొట్లం కూడా పోశాడు. ఆ భయమే కొంప ముంచింది. పొడి ఎక్కువై, ఉప్పునీళ్ళతో కలిసి గట్టిపడి, సన్నటి గొట్టాలన్నీ పూడ్చేసింది.

పోశాక, వ్యాను వెనక సీటులో కునుకు తీస్తున్న బావను లేపి, "అతుకు పెట్టాను. తొట్టిలో ముంచి చూశాను" అన్నాడు.

"నువ్వు చూశాక ఇంకేం" అన్నాడు బావ.

ఇప్పుడా మాట చెవిలో చీమలా తిరుగుతోంది. నీళ్ళాయన కింది గొట్టం ఊడదీశాడు. పైనుంచి నీళ్ళు పెడితే కింద నుంచి పిల్లి పాలు తాగినంత చప్పుడుతో సన్నటి ధార వచ్చింది. అప్పుడు పైపును కింది నుంచి పెట్టి నీళ్ళను ఎదురు తోశాడు. ఒకసారి దగ్గినట్టయి, గోధుమరంగు గడ్డలు పైమూతలోంచి పొంగి రేడియేటరు ఒంటి మీదుగా కారి నేల మీద పడ్డాయి. ప్రతి గడ్డలోనూ రాగి మెరుస్తోంది. నీళ్ళు తేటపడేదాకా తోయాలి. తోస్తున్నకొద్దీ ఇంకా వస్తూనే ఉంది. కడుపులో దాచుకున్నది ఒక్కసారి కక్కడం మొదలుపెడితే ఆగదు.

చెప్పేయాలని రెండు మూడుసార్లు నోరు తెరిచాడు. ఒకసారి డ్రైవరు ట్రాక్టరువాడికి తాడు చుట్టి ఇస్తున్నాడు. ఒకసారి తనకు దగ్గు వచ్చింది. చెప్పకూడదనుకున్నవాడికి దగ్గు కూడా చుట్టమే.

ఓనరు మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనక ఇంకో మనిషి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో క్యారేజీ. పనిలో చేరడానికి వచ్చినవాడని చూస్తేనే తెలుస్తోంది.

ఓనరు బండి దిగేలోపు డ్రైవరు బావ ఓ పని చేశాడు. పైపు అందుకుని, చెప్పులు కడుక్కుంటున్నవాడిలా కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంటూ, నేల మీదున్న గోధుమరంగు గడ్డలన్నిటినీ కాలువలోకి తోసేశాడు. ఆ వేళప్పుడు చెప్పులు కడుక్కోవడం ఏమిటో నీళ్ళాయనకు అర్థం కాలేదు.

"నువ్వు చెప్పవయ్యా నీళ్ళాయనా" అన్నాడు ఓనరు. "ఇతను నీకు చుట్టమని నాకు తెలుసు. అయినా నిన్నే అడుగుతున్నాను, పనిలో నువ్వు అబద్ధం ఆడవని. నీళ్ళు లేకుండా నడిపాడా, బండిలోనే ఏదన్నా ఉందా?"

నీళ్ళాయన చేతిలో పానా ఉంది. దాని పళ్ళను గుడ్డతో తుడిచాడు. శుభ్రంగానే ఉన్నా మళ్ళీ తుడిచాడు. పొడి వేసిన మేస్త్రి అని రేపటికి సందంతా పాకుతుంది. ఈ వయసులో ఉన్నదల్లా ఆ పేరొక్కటే. ఒక్క మాట చెప్పాలి.

"నీళ్ళు తక్కువైతే ఇంజను ఇలాగే వేడెక్కుతుందండి" అన్నాడు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అదే ఆయన్ని ఎక్కువ కాల్చింది.

ఓనరు డ్రైవరు వైపు తిరిగాడు. "విన్నావుగా. పిల్లల ప్రాణాలతో ఆటలు వద్దు. తాళాలు ఇతనికిచ్చెయ్యి."

డ్రైవరు బావ వాదించలేదు. తాళాలు ఇచ్చి, కొత్తవాడికి రెండో గేరు ఎలా తొయ్యాలో చూపించాడు. "కొంచెం అలుగుతుంది. బతిమాలితే పడుతుంది" అన్నాడు. ఓనరూ కొత్తవాడూ సాయంత్రం వచ్చి బండి తీసుకెళ్తామని వెళ్ళిపోయారు. అప్పుడు డ్రైవరు బావ వ్యానులోకి ఎక్కి తన సామాను తీసుకున్నాడు. వీపు కింద పెట్టుకునే మెత్త, తువ్వాలు, పిల్లలు ఏడిస్తే ఇవ్వడానికి ఉంచుకున్న బిళ్ళల డబ్బా. అన్నీ తువ్వాల్లో మూట కట్టాడు. ఇన్నేళ్ళ పని ఒక చంకలో పట్టింది.

"బావా" అన్నాడు నీళ్ళాయన.

"ఆ సాయంత్రం నాకు మధ్యలో మెలకువ వచ్చింది" అన్నాడు డ్రైవరు, ముడి బిగిస్తూ, ఆయన వైపు చూడకుండా. "ముఖం కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్ళాను. చుక్క నీళ్ళు లేవు. ఎండిపోయి ఉంది."

షెడ్డు రేకుల మీద పిట్ట ఏదో గీరుతూ నడిచిన చప్పుడు.

"మరి అప్పుడే అడగలేదేం?"

"మళ్ళీ వెళ్ళి పడుకున్నాను. నువ్వు వచ్చి లేపి, ముంచి చూశానన్నావు. ఏమని అడగను?" మూట ఎత్తుకున్నాడు. "చెల్లికి చెప్పకు. బండి పాతదైపోయింది, అందుకే మానేశాడని చెప్పు. నీ చెయ్యి మీద దానికి భలే గురి."

సందు మలుపు దాకా ఎప్పటిలాగే నడిచాడు, కుడికాలు కొంచెం ఈడుస్తూ. మలుపులో ఎప్పుడూ వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడు. ఈసారి మూట చంక మార్చుకున్నాడంతే. వెళ్ళిపోయే మనుషులు తలుపు దబాలున వేసి వెళ్తే బాగుండును. చప్పుడైనా మిగిలేది.

నీళ్ళాయన రేడియేటరు విప్పాడు. తొట్టిలో ముంచాడు. గాలి పంపి, వంగి, చూశాడు. కింది అతుకు దగ్గర నుంచి బుడగలు లేచాయి. ఆ రోజు చూసి ఉంటే అక్కడే, అలాగే లేచి ఉండేవి. టంకం పెట్టాడు, మళ్ళీ ముంచాడు, చెల్లెలు చిల్లు కోసం కూడా వెతికాడు. నీళ్ళు తేటగా ఉన్నాయి. ఆ తేటనీళ్ళలో తన ముఖం కనబడితే చెయ్యి పెట్టి కలిపేశాడు.

మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. ఇంటినుంచి ఫోను వచ్చింది.

"అన్నయ్య బండి ఆగిపోయిందటగా. మీ దగ్గరికి తెచ్చాడా?" అంది భార్య.

"తెచ్చాడు."

"హమ్మయ్య. మీ దగ్గరికి వచ్చిందంటే ఇంకేం."

ఫోను పెట్టేశాక రేడియేటరును మళ్ళీ వ్యానుకు బిగించి నీళ్ళు పోశాడు. సాయంత్రం కొత్తవాడు వచ్చి వ్యాను తీసుకుని వెళ్ళాడు. రెండో గేరు కొంచెం అలిగింది, తర్వాత పడింది.

షెడ్డు మూయబోతుంటే గుమ్మం పక్కన కాలికి ఏదో తగిలింది. దారిలో బండికి పోయడానికని బావ ఎప్పుడూ డ్రైవరు సీటు వెనక పెట్టుకునే నీళ్ళ క్యాను. మూత పోకుండా పిడికి పురికొసతో కట్టి ఉంది. ఖాళీదనుకుని ఒంటిచేత్తో ఎత్తబోయాడు, లేవలేదు. మూత అంచు దాకా నిండుగా నీళ్ళున్నాయి.