నేలమీది గొంతు

తెనాలి డాక్టరు గారి దగ్గర్నుంచి తిరిగొస్తూ రిబ్కా ఇంటికి పోలేదు. బాపట్ల స్టేషన్లో దిగి, నాలుగేళ్ళ కూతురు గ్రేసును చంకనేసుకుని, ఊరి బయట విమానం నడపడం నేర్పే మైదానానికి తిన్నగా నడిచింది. మూడు నెలలుగా పిల్లకు మాట తడబడుతోంది. పెద్దయ్యాక కూడా ఇలాగే ఉండిపోతుందేమోనని రిబ్కాకు కంటిమీద కునుకు లేదు. డాక్టరు అన్న మాటను సాయంత్రం దాకా కడుపులో దాచుకోవడం ఆమె వల్ల కాలేదు.

భర్త ప్రభుదాస్ అక్కడ నేర్పే మాస్టారు. ఎండలో నిలబడి, చేతిలో వైర్లెస్ పట్టుకుని పైకి చూస్తున్నాడు. పైన మొదటిసారి ఒంటరిగా నడుపుతున్న కుర్రాడు గోపాలకృష్ణ. దిగబోయి, దిగలేక, మళ్ళీ లేచిపోయాడు.

"పర్లేదు గోపాలకృష్ణ గారూ, లేచిపోవడమే మంచిదండి. తొందరేం లేదు. ఇంకో చుట్టు తిరిగి రండి."

రిబ్కా నిలబడిపోయింది. పెళ్ళయిన ఆరేళ్ళలో మొగుడి నోట అంత మెత్తటి గొంతు ఆమె వినలేదు.

"ముక్కు కొంచెం పైకెత్తండి... అంతే... బాగుంది."

విమానం రెండుసార్లు ఎగిరిపడి నేలమీద నిలిచింది. "మొదటిసారికి ఇదే ఎక్కువండి. నీళ్ళు తాగి రండి" అని ప్రభుదాస్ ఇటు తిరిగాడు.

"ఈ ఎండలో పిల్లనేసుకుని ఎందుకొచ్చావ్? బుర్రుందా నీకు?"

"నా... నా..." అంది గ్రేసు.

"ఏంటా నసుగుడు? చెప్పేదేదో చెప్పి ఏడు!"

పిల్ల చంకలోంచి జారి తల్లి పైటలో దూరింది.

"దీనికి రోగమేం లేదన్నారండి డాక్టరు గారు" అంది రిబ్కా. "ఇంట్లో అరిచేదెవరమ్మా అని అడిగారు."

"నువ్వేం చెప్పావ్?"

"నేనేనన్నాను."

ప్రభుదాస్ మొహం మాడిపోయింది. "ఇక్కడ నా నోరు జారితే మనిషి పోతాడు రిబ్కా. పొద్దుట్నుంచీ బిగబట్టుకునే ఉంటాను."

"ఆ బిగబట్టిందంతా తెచ్చి మా మీద ఒలకబోస్తారు. నాకింక ఓపిక లేదండి. దీనికి మాట సరిగ్గా వచ్చేదాకా రేపల్లెలో మా అమ్మ దగ్గరుంటాం."

ఆ మాట కోపంగా కూడా రాలేదు. అలిసిపోయి వచ్చింది.

ప్రభుదాస్ గడ్డిలో గొంతుక్కూర్చున్నాడు. "గ్రేసమ్మా, ఇందాక ఏదో చెప్పబోయావు. ఏంటమ్మా?"

"నా... నా..."

మాట అందించబోయి ఆగాడు. వెనకనుంచి గోపాలకృష్ణ "సార్" అని పిలిచినా తిరగలేదు.

"నాన్నా, నీ చె... చెయ్యి వణుకుతుంది."

అతను తన చేతివంక చూసుకున్నాడు. "అవునమ్మా. ఆ అన్నయ్య పడిపోతాడేమోనని భయమేసింది."

పిల్ల మళ్ళీ నోరు తెరిచింది. ఈసారి ఇంకా పెద్ద మాటలా ఉంది, ఎంతకీ రావడం లేదు. ప్రభుదాస్ తొందరపెట్టకుండా ఎదురుచూస్తున్నాడు. రిబ్కా చెప్పులు విడిచి, వాళ్ళ పక్కనే గడ్డిలో కూర్చుంది.